నీరసానికి వ్యతిరేకపదం ఏది?

వైద్యుని ఎదుట కూర్చున్న రోగుల నోట అలసటను తెలిపే మాటలు ఎన్ని వస్తాయో ఎవరైనా ఒక పూట లెక్కపెడితే ఆశ్చర్యపోతారు. నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ, బడలిక, అలుపు, ఆయాసం, ఒళ్ళు బరువు, ఒంట్లో ఓపిక లేదు, కాళ్ళు లాగుతున్నాయి, కూర్చుంటే లేవబుద్ధి కాదు - ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున చెప్పుకొంటారు. అదే మనిషి నెల గడిచాక కాస్త కోలుకొని వచ్చినప్పుడు "ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగితే మాత్రం అందరి నోటా ఒకటే జవాబు: "ఫర్వాలేదండీ." ఫర్వా అంటే చింత, పారసీ నుండి మనకు వచ్చిన మాట. చింత లేదట! బాధ పోయినదని చెప్పారే గాని, దాని చోట ఏమి వచ్చి చేరినదో చెప్పలేదు.

ఈ లోటును పూడ్చడానికి ఈమధ్య ఒక మాట దొరికినది. అది 'ఎనర్జీ'. "ఎనర్జీ లేదండీ, ఎనర్జీ వచ్చేదేదైనా వ్రాయండి" అని అడగని రోగి అరుదు. పరభాషాపదం వాడటం తప్పని నేను అనను. థర్మామీటరును ఆ పేరుతోనే పిలుస్తున్నాము. దానివలన జ్వరం పెరగలేదు. నా అభ్యంతరం వేరు. ఈ ఒక్క మాట వచ్చి పది తెలుగు మాటలను ఇంటి నుండి వెళ్ళగొట్టినది. ఆ పదీ పది రకాల లోటును, పది రకాల నిండుదనాన్ని చెప్పేవి. అన్నిటినీ ఒక్క గంపలో వేసి 'ఎనర్జీ లేకపోవడం' అనేసరికి, మందు కూడా ఒక్కటే అన్న భ్రమ కలిగినది. సీసాలోనో డబ్బాలోనో దానిని కొనుక్కొని త్రాగితే సరిపోతుందట. అలసట పోయిన తరువాత మనిషి చేరవలసిన స్థితి ఏమిటో తెలియకుండా చికిత్స మొదలుపెట్టడం, ఊరి పేరు చెప్పకుండా బండి కట్టించడం వంటిది.

ముందుగా నీరసం సంగతి చూద్దాము. రసం లేనిది నీరసం. ఆయుర్వేదంలో రసం అంటే సప్తధాతువులలో మొదటిది. తిన్న ఆహారం జఠరాగ్ని చేత పచనమై ముందుగా రసంగా మారుతుంది, రక్తమాంసాదులు దాని తరువాతివి. వ్యాకరణం ప్రకారం నీరసానికి వ్యతిరేకం సరసం. కాని ఏ రోగీ వైద్యుని వద్దకు వచ్చి "ఈ వారం సరసంగా ఉన్నానండీ" అని చెప్పలేడు. చెబితే ప్రక్కనున్న ఇల్లాలు ఊరుకోదు. తెలుగులో ఆ మాట దారి మళ్ళి వేరే వీధికి పోయినది. మాట పోయినా విషయం మిగిలే ఉన్నది. రసధాతువు క్షీణించినప్పుడు కనబడే గుర్తులను వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు: ఒంటిలో రూక్షత, శ్రమ, శోష, గ్లాని, వీటితోబాటు శబ్దాన్ని సహించలేకపోవడం. ఈ చివరి గుర్తును గమనించండి. వంటింట్లో గిన్నె జారిపడితే ఉలిక్కిపడి పిల్లలను కసురుకొనే తల్లిని మనం కోపిష్టిది అంటాము. ఆమెకు కావలసినది నీతిబోధ కాదు. వేళకు భోజనం, గంజి, మజ్జిగ, పండ్లరసం వంటి ద్రవాహారం, కంటినిండా నిద్ర. నీరసానికి అసలైన వ్యతిరేకం ఉరకలు వేయడం కానే కాదు. వాడిన పైరుకు నీరు తగిలినప్పుడు ఆకులో కనబడే నిగనిగ.

నిస్సత్తువ అలా కాదు. సత్తువ అన్న మాట సత్త్వం నుండి వచ్చినది. చరకుడు సత్త్వమనే మాటను మనస్సు అనే అర్థంలో వాడాడు. రోగిని పది విధాల పరీక్షించుమని విమానస్థానంలో చెప్పినప్పుడు సత్త్వపరీక్షను కూడా అందులో చేర్చాడు. మనం ఆ మాటను కండబలానికి వాడుకొంటున్నాము గాని, దాని లోపల మనస్సు ఇంకా కూర్చొనే ఉన్నది. బరువులెత్తగల యువకుడు ఉద్యోగం పోయిన తరువాత "సత్తువ లేదు" అంటే, అతనికి నేతిలో వేయించిన జీడిపప్పు పెట్టి ప్రయోజనం లేదు. ఇక నిస్త్రాణ. త్రాణమంటే సంస్కృతంలో రక్షణ. తెలుగువారు దానిని బలమనే అర్థానికి మార్చుకొన్నారు. టైఫాయిడు వంటి జ్వరం తగ్గిన తరువాత మిగిలే బలహీనతకు ఈ మాట చక్కగా సరిపోతుంది. జ్వరం పోయినది, కాని కాపు ఇంకా రాలేదు. ఆ కాపు లేని రోజులలో మరొక రోగం తేలికగా చొరబడుతుంది. కనుకనే పెద్దలు పథ్యాన్ని జ్వరం విడిచిన నాటితో ఆపేవారు కారు. బడలికకు ఇంత చర్చ అవసరం లేదు. ప్రయాణం చేసి వచ్చినవానికి వేడినీళ్ళ స్నానం, ఒక నిద్ర చాలు.

మన భాషలో అలసట పోవడాన్ని చెప్పే క్రియలు నాకు మరీ ఇష్టం. సేద తీరుతుంది అంటాము. సేద అంటే అలసటే. అది 'పోదు', 'తీరుతుంది'. దాహం తీరినట్లు, బాకీ తీరినట్లు. అంటే మన పూర్వులు అలసటను ఒక ఋణంగా చూశారని నేను గ్రహించాను. నేటి శరీరశాస్త్రం చెప్పేదీ ఇంచుమించు ఇదే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగినకొద్దీ నిద్ర ముంచుకొని వస్తుంది. నిద్రలో అది తగ్గుతుంది. కాఫీ, టీలలోని కెఫీన్ ఆ పదార్థాన్ని తొలగించదు. అది వచ్చి కూర్చోవలసిన పీట మీద ముందుగా తాను ఎక్కి కూర్చుంటుంది, అంతే. పీట ఖాళీ అయిన మరుక్షణం పోగైన అలసట అంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. త్రాగిన కెఫీన్‌లో సగం ఒంటి నుండి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది కనుక, సాయంకాలం త్రాగిన కప్పు రాత్రి నిద్రను కూడా కొరుక్కొని తింటుంది. బాకీ తీర్చడానికి మరొక బాకీ చేసినట్లయినది. ఉదయం పూట ఒక కప్పు కాఫీ త్రాగవద్దని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా వినేవారెవరు? కాని దానిని అలసటకు మందు అనుకోవడం సరికాదు.

మరొక క్రియ తేరుకోవడం. కలకబారిన నీరు కుండలో కదలకుండా ఉంటే అడుగున మన్ను దిగి, పైన తేట నిలుస్తుంది. అదే తేరడం. పల్లెలలో చిల్లగింజను కుండలోపల అరగదీసి ఆ పనిని త్వరపరచేవారు గాని, అప్పుడు కూడా కుండను కదపరాదు. జబ్బుపడి లేచిన మనిషిని గూర్చి "ఇప్పుడిప్పుడే తేరుకొంటున్నాడు" అన్న మాటలో ఇంత వైద్యం ఉన్నది. ఇక 'నెమ్మది'. "జ్వరం నెమ్మదించినది", "ఒంట్లో నెమ్మదిగా ఉన్నదా?" అని పాతతరం వారు పలకరించడం మీలో చాలామంది వినే ఉంటారు. నిదానానికీ ఆరోగ్యానికీ ఒకే మాట! వేగమే ఆరోగ్యమని నమ్మే ఈ కాలానికి ఆ పలకరింపు వింతగా తోచవచ్చు. సుశ్రుతుడు స్వస్థుని లక్షణాలు చెబుతూ దోషాలు, అగ్ని, ధాతువులు సమంగా ఉండటంతోబాటు ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండాలన్నాడు. ప్రసన్నమంటే కూడా తేటబారినది అనే. మన తేరుకోవడమూ ఆయన ప్రసన్నతా ఒకే కుండలోని నీరు.

హుషారు అన్న మాటను గురించి కూడా ఒక మాట. అది పారసీ నుండి వచ్చినది. హోష్ అంటే తెలివి, స్పృహ. తెలంగాణలో నేటికీ "పిల్లవాడు హుషారు" అంటే తెలివిగలవాడనే అర్థం కూడా ఉన్నది. ఎగరడం, అరవడం ఆ మాటకు తరువాత తగిలించిన అలంకారాలు. పరీక్షల రోజులలో పిల్లలు హుషారుగా ఉండాలని ఎనర్జీ డ్రింకులు కొనిపెట్టే తల్లిదండ్రులు ఆ డబ్బా మీద చిన్న అక్షరాలను ఒకసారి చదవాలి. మన దేశంలో ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కెఫీన్ పానీయాలలో లీటరుకు 145 నుండి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అది తగదని ఆ డబ్బా మీదే ముద్రించి ఉంటుంది. చదువుకొమ్మని చెప్పే పెద్దలే చదవకపోతే ఎలా?

"ఇదంతా మాటల గారడీ, మందు సంగతి చెప్పండి" అని కొందరు విసుక్కోవచ్చు. మాటలను వేరు చేయడం నా సొంత కల్పన కాదు. మన సంహితలు చేసినదే. చరకసంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో ద్రవ్యాలను పదేసి చొప్పున 50 వర్గాలుగా విభజించారు. జీవనీయములతో మొదలై వయఃస్థాపనములతో ముగిసే ఆ పట్టికలో బలాన్నిచ్చే బల్యవర్గం ఒకటి. శ్రమను పోగొట్టే శ్రమహరవర్గం వేరొకటి. అశ్వగంధ, బల, అతిబల బల్యవర్గంలో ఉన్నాయి. శ్రమహరవర్గంలో అశ్వగంధ లేదు! మరి ఏమున్నాయి? ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు నిచ్చే ప్రియాళం, రేగు, దానిమ్మ, అత్తి జాతికి చెందిన ఫల్గువు, ఫాల్సా అని పిలిచే పరూషకం, చెరకు, యవలు, అరవై దినాలలో పండే షష్టిక ధాన్యం. పదింటికి పదీ తినే వస్తువులే. ఒక్కటైనా ఘాటైనది గాని, చేదైనది గాని, నరాలను తట్టి లేపేది గాని లేదు. ఎనిమిది పండ్లను, పంటలను చూసి ముచ్చటపడి ఊరుకోకుండా చివరి రెండు ధాన్యాలను కూడా చూడండి. అలసినవానికి ముందు అన్నం పెట్టుమని ఇంతకంటె సూటిగా ఎవరు చెప్పగలరు? అలసిపోయానని చెప్పినవారందరికీ అశ్వగంధ చూర్ణం చేతిలో పెట్టే నేటి అలవాటుకు చరకుని పట్టికలో ఆధారం లేదు. అశ్వగంధ గొప్ప ఔషధమే. అయినా గర్భిణులు వాడరాదు. థైరాయిడు మందులు వాడుతున్నవారు, కాలేయవ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ముట్టరాదు.

సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఏ పనీ చేయకుండానే కలిగే అలసట, ఆయాసం లేకుండానే పెరిగి ఇంద్రియాలను తమ పని చేయనీయని అలసట, దానిని క్లమం అన్నాడు. శక్తి ఉండి కూడా పనిలో ఉత్సాహం లేకపోవడాన్ని ఆలస్యం అన్నాడు. ఆ ఆలస్యం తెలుగులోకి వచ్చి జాప్యంగా మారిపోయినది, అది వేరే కథ. శ్రమకు విశ్రాంతి వ్యతిరేకం. ఆలస్యానికి వ్యాయామం వ్యతిరేకం. క్లమానికి ఈ రెండూ కావు, కారణం వెదకాలి. వ్యాయామం వలన కలిగే మేలును చెబుతూ చరకుడూ వాగ్భటుడూ కూడా మొట్టమొదట పేర్కొన్నది లాఘవం, అంటే ఒళ్ళు తేలికపడటం. బలం ఎంత ఉన్నదని అడగడం కంటె ఒళ్ళు తేలికగా ఉన్నదా అని అడగడం మేలని నా అభిప్రాయం. బస్తా మోయగలిగినవానికి కూడా ఉదయం లేచేసరికి ఒళ్ళు బస్తాలా తోచవచ్చు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాటకు వస్తాను. ఓపిక. తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలు. పిల్లవాడు మారాం చేస్తుంటే "ఓపిక పట్టమ్మా" అంటాము. అక్కడ అది సహనం. మెట్లెక్కలేని వృద్ధుడు "ఓపిక లేదు నాయనా" అంటాడు. అక్కడ అది శక్తి. వ్యాయామ ఫలితాలలో చరకుడు చెప్పిన క్లేశసహిష్ణుత ఈ రెంటినీ కలిపిన మాటే. అయితే ఈ అందమైన శ్లేష మన ఇండ్లలో ఆడవారి పాలిట ఉచ్చుగా మారినది. "మా కోడలికి ఓపిక ఎక్కువ" అని నలుగురిలో పొగుడుతారు. ఆ కోడలే ఒకనాడు "నాకు ఓపిక ఉండటం లేదత్తయ్యా" అంటే, శక్తి లేదని చెప్పుకొన్న మాట సహనం లేదన్నట్లు వినబడుతుంది. "ఈ కాలం పిల్లలకు దేనికీ ఓపిక లేదు" అన్న జవాబు వస్తుంది. ఆమె మరి నోరెత్తదు. ఏళ్ళ తరబడి ఆ మాట లోపలే ఉండిపోతుంది.

ఆ మాట లోపల చాలాసార్లు ఉన్నది రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అది సగానికి మించే ఉన్నది. అంటే ఓపిక లేదని చెప్పే ఇద్దరు స్త్రీలలో ఒకరి విషయంలో అది స్వభావదోషం కాకపోవడమే కాదు, కొలిచి చూపగల లోపమని అనుకోవలసి ఉంటుంది. అందరూ తిన్న తరువాత మిగిలినది తినడం, భోజనం కాగానే టీ త్రాగడం, నెలసరిలో అధిక రక్తస్రావాన్ని ఎవరికీ చెప్పకపోవడం, ఈ మూడూ కలిస్తే రక్తం ఎక్కడ నిలుస్తుంది? టీలోని కషాయ పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. కనీసం గంటసేపు ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ పరీక్ష ఖర్చు చాలా తక్కువ. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఆయుర్వేదాన్ని నమ్మేవారు మాత్ర మింగరాదన్న పట్టింపు పెట్టుకోనక్కరలేదు. పాండురోగానికి మన శాస్త్రం కూడా లోహభస్మాలనూ మండూరాన్నీ చెప్పినదే. మాత్రతోబాటు మునగాకు, తోటకూర, నువ్వులు, ఖర్జూరాలు తినాలి. పప్పులో నిమ్మరసం పిండుకోవడమో, ఉసిరి పచ్చడి కలుపుకోవడమో అలవాటు చేసుకొంటే ఆకుకూరలలోని ఇనుము మరింతగా ఒంటపడుతుంది. భస్మాలను మాత్రం అంగట్లో కొని సొంతంగా వాడరాదు.

రక్తం సరిగా ఉండి, శ్రమ వలననే అలసినవారికి ఇంటిలో చేసుకోదగినవి కొన్ని చెబుతాను. గుప్పెడు ఎండుద్రాక్షలు కడిగి గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం పిసికి వడగట్టి త్రాగవచ్చు. మధుమేహం ఉన్నవారు దీనిని, ఖర్జూరాన్ని, చెరకురసాన్ని మానుకొని యవల జావ పలుచగా కాచుకొని, మజ్జిగ కలిపి, మితంగా త్రాగడం మేలు. పేయను, అంటే పలుచని గంజిని, ఆకలి దప్పులను, గ్లానిని, దౌర్బల్యాన్ని పోగొట్టేదిగా వాగ్భటుడు చెప్పాడు. మన పొలాలలో పనిచేసేవారు తరవాణిని, అంబలిని నమ్ముకొన్నది ఊరకే కాదు. అభ్యంగనం శ్రమను హరిస్తుందని ఆయనే అన్నాడు. రోజూ ఒళ్ళంతా నూనె అంటుకొనే తీరిక లేనివారు రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నీటితో పాదాలు కడుగుకొని, తుడిచి, నువ్వులనూనె అరికాళ్ళకు మర్దించుకొన్నా చాలు. నూనె కాళ్ళతో వెంటనే నడవకండి, జారిపడగలరు.

ఇక వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు "ఎనర్జీ లేదు" అని చెప్పి ఊరుకోకండి. ఏ వేళ అలసట ఎక్కువో చెప్పండి. ఉదయం లేవగానేనా, సాయంకాలమా? నిద్రపోతే తీరుతున్నదా, తీరడం లేదా? పని చేస్తే వస్తున్నదా, చేయకుండానే వస్తున్నదా? శబ్దం చిరాకు కలిగిస్తున్నదా? ఎక్కితే ఆయాసం వస్తున్నదా? ఇంతకుముందు బాగున్న రోజులలో ఒంటికి ఎలా ఉండేదో కూడా మీ మాటల్లోనే చెప్పండి. తేలికగా ఉండేదా, చురుకుగా ఉండేదా, నెమ్మదిగా ఉండేదా? రెండు వారాలు వేళకు తిని, వేళకు నిద్రించినా తీరని అలసటకు రక్తం, చక్కెర, థైరాయిడు పరీక్షలు చేయించుకోవాలి. వీటిలో ఏ లోపమూ లేదని తేలినా ఉదయం లేవాలంటేనే దిగులుగా ఉంటే ఆ దిగులును కూడా దాచకుండా వైద్యునికి చెప్పండి. ఇంట్లో ఆడవారు ఈ వివరాలు చెప్పేటప్పుడు భర్తగాని, అత్తగారుగాని ప్రక్కనుండి జవాబులు అందించకుండా ఉంటే పరీక్ష చేసేవారికి ఎంతో సాయం చేసినవారవుతారు.